వంతెన కూలింది, కొట్టు కూలలేదు

బాంతుగన్ నది మీద వంతెన కూలిన రోజు పొద్దున, ట్రక్కు డ్రైవరు బాల్దో మనాంగ్ దెసీ కొట్లోనే తిన్నాడు. పుల్లటి ఎముకల పులుసు రెండోసారి పోయించుకుని, "తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ తింటా మనాంగ్, ఓ మూలుగ బొక్క దాచిపెట్టు" అని బండెక్కాడు. వంతెన సగం దాటేసరికి అది విరిగింది. ఆ కొట్టు పక్కనే పుల్లలకు గుచ్చిన మాంసం కాల్చి అమ్ముకునే నేను విసనకర్ర పారేసి పరిగెత్తాను. నేను వెళ్ళేసరికి నీళ్ళ మీద నూనె తెట్టు తప్ప ఏమీ లేదు.

విరిగిన కాంక్రీటులోంచి పొడుచుకొచ్చిన ఊచలు ఊరంతా చూసింది. మా కోళ్ళగూటికి నేను వేసినవి అంతకంటే లావు. అయినా మర్నాడు రేడియోలో ఏం చెప్పారు? డ్రైవరే బరువు ఎక్కువ ఎక్కించాడట! చచ్చినవాడు లేచొచ్చి కాదనడు కదా.

మనాంగ్ దెసీ అసలు పేరు దెసిదేరియా తూపాస్. మాకందరికీ పెద్దక్క లెక్క కాబట్టి మనాంగ్ అంటాం. పెళ్ళి చేసుకోలేదు. చనిపోయిన చెల్లెలి పిల్లలు ముగ్గురినీ ఆ పులుసు అమ్మి పెంచింది. ఇలోయిలో అనే పట్నం రేవుకి వెళ్ళే ప్రతి డ్రైవరూ ఆమె చేతి తిండీ తిన్నాడు, ఆమె చేత తిట్లూ తిన్నాడు. వంతెన పోయాక బండ్లన్నీ కొండదారి పట్టాయి. పెద్ద డేగిసా మూలన పడింది. ఇంట్లో వాడే చిన్న గిన్నెలో వండినా మిగిలిపోయేది.

అప్పుడు చిన్న వ్యాపారులకు ప్రభుత్వం సహాయ రుణాలిస్తుందని ఫ్లెక్సీలు కట్టారు. అక్షరాల కంటే నాయకుల పళ్ళే పెద్దగా కనబడ్డాయి. నేనూ మనాంగూ కలిసి మునిసిపల్ ఆఫీసుకి వెళ్ళాం. కౌంటర్లో జినెల్ అనే అమ్మాయి కూర్చుని ఉంది.

"నష్టం ఫోటోలేవి, మనాంగ్?"

మనాంగ్ ఫోను చూపించింది. ఖాళీ బల్లలు, ఖాళీ రోడ్డు.

"ఇందులో ఏదీ విరగలేదు కదా?"

"విరిగింది వంతెన, తల్లీ. కిటికీ తెరిస్తే కనబడుద్ది."

"కొట్టు దెబ్బతింటేనే లోన్ ఇమ్మని రూలు."

"అయితే సుత్తి పట్టుకెళ్ళి నా కొట్టు నేనే పగలగొట్టుకోనా? నువ్వొచ్చి ఫోటో తీస్తావా?"

వెనక టేబుల్ దగ్గరున్న ఆఫీసరు కిసుక్కున నవ్వాడు. జినెల్ తల దించుకుని, "ఆ రూలు నేను రాసింది కాదు మనాంగ్" అంది.

ఆ నవ్వు మనాంగ్‌ని నిద్రపోనివ్వలేదు. ఓ సోమవారం మా వరస కొట్లవాళ్ళందరినీ పోగేసింది. ఖాళీ గిన్నెలు పట్టుకెళ్ళి మునిసిపల్ హాలు మెట్ల మీద కూర్చున్నాం. గరిటెలతో వాయించాం. రేడియోవాళ్ళు వచ్చారు. దాంతో రూలు దానంతటదే మారిపోయింది!

చెక్కులిచ్చే రోజు వేదిక మీద ముందు వరసలో ఎవరు కూర్చున్నారనుకున్నారు? ఆ వంతెన కట్టిన కాంట్రాక్టరు ఎస్కన్యో. ఇప్పుడు కౌన్సిలరు. మెడలో పూలదండ. "ఇది ప్రభుత్వం ప్రేమతో ఇస్తున్న కానుక" అని యాంకరు అంటుండగానే మనాంగ్ మైకు లాక్కుంది.

"కానుకేంటయ్యా? వడ్డీ కట్టించుకునేదాన్ని కానుకంటారా? బాల్దో నా చేతి ముద్ద తిని వెళ్ళి చచ్చాడు. వంతెన కూలేలా కట్టినోడికి దండ, పొయ్యి ఆరిపోయినదానికి అప్పు!"

మైకు కట్ చేశారు. ట్రక్కు ఇంజన్ల మీదుగా కేకలేసి అలవాటైన గొంతు అది. మైకు లేకుండానే మిగతాది పూర్తిచేసింది. ఎస్కన్యో ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు.

కిందకి దిగాక నేను, "ఆ డబ్బు తీసుకోకు మనాంగ్, మొహాన కొట్టు" అన్నాను.

"ఒరేయ్ అర్సెన్యో, తీసుకోకపోతే పిల్లలకేం పెట్టను? నీ కోపం ఉడకేసి పెట్టనా?" అంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. తీసుకుంది. నేనూ తీసుకున్నాను.

ఇప్పుడామె కొట్టు పడవల రేవు దగ్గర ఉంది. మునుపటి బేరంలో సగం కూడా లేదు. కొత్త వంతెన పని ఎస్కన్యో బావమరిది కంపెనీకి వచ్చింది. బాల్దో పెళ్ళానికి ఎవరూ ఏమీ ఇవ్వలేదు.

మనాంగ్ ప్రతి నెలా వాయిదా కట్టి, రసీదు తీసుకునే ముందు జినెల్‌ని ఒకటే అడుగుతుంది: "వంతెన కూల్చినోడు ఈ నెల ఎంత కట్టాడమ్మా?" మొదట్లో ఆ పిల్ల వినబడనట్టు రసీదు రాసిచ్చేది. పోయిన నెల మాత్రం తలెత్తి, లోపల గదిలో ఉన్న, ఆ రోజు నవ్విన ఆఫీసరుకు వినబడేంత గట్టిగా, "ఏమీ కట్టలేదు మనాంగ్!" అంది.

తర్వాత వంతు నాది. డబ్బు కౌంటర్ మీద పెట్టి నేనూ అదే అడిగాను. నా వెనక నిలబడ్డ టైర్ల షాపువాడూ అదే అడిగాడు.