నాయన సంతకం

డిగ్రీ రెండో ఏడు చదివే ఆ రోజుల్లో, లోకంలోని ఏ సమస్యకైనా నా దగ్గర సరిగ్గా మూడు నిమిషాల పరిష్కారం ఉండేది. కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లోని మా కాలేజీలో, వక్తృత్వ పోటీలో 'ఇబ్బంది పెట్టే సినిమాలను పెద్దలూ పిల్లలూ కలిసే చూడాలి' అని వాదించి కప్పు గెలిచాను. గెలిచినవాళ్లు మైసూరు పోటీకి వెళ్లి రెండు రాత్రులు అక్కడే ఉండాలి. నాయన వద్దంటాడేమోనన్న భయంతో అనుమతి పత్రం మీద ఆయన సంతకం నేనే పెట్టి ఇచ్చేశాను. (నిజాయితీ మీద మాట్లాడి అంతకుముందే రెండు కప్పులు అందుకున్న చేయి అది!) బయటపడితే మైసూరూ పోతుంది, నాయన నమ్మకమూ పోతుంది.

అయినా ఉత్సాహం ఊరుకోనిస్తుందా? నా వాదన ఇంట్లోనే రుజువు చేద్దామని ఆదివారం సాయంత్రం, బేతమంగళ దగ్గరి మా ఇంట్లో, దారి తప్పిన పదహారేళ్ల కుర్రాడి సినిమా ఒకటి టీవీలో పెట్టాను. మధ్యలో ఎవరూ లేవకూడదనీ, రిమోట్ ముట్టకూడదనీ నిబంధనలు ప్రకటించాను. నాయన బుద్ధిగా చాప మీద కూర్చున్నాడు. అవ్వ మాత్రం మొదటి నిమిషం నుంచే తెరతో మాట్లాడసాగింది.

"ఆ పిలగాడు అంత సన్నంగా ఉండాడే, వాళ్లమ్మ ముద్ద పెట్టదా?"

"అది మానసిక వేదన అవ్వా."

"వేదన ఉంటే ముద్ద దిగదా ఏమి?"

కుర్రాడు తల్లి మీద అరిచాడు, తలుపు తన్నాడు, సిగరెట్టు ముట్టించాడు. ప్రతిసారీ నేను విజయగర్వంతో నాయన ముఖం చూశాను, ఆయన కదల్లేదు. అప్పుడు ఆ కుర్రాడు ప్రోగ్రెస్ కార్డు తీసి, నాలుక కొరుక్కుంటూ, తండ్రి సంతకం దించడం మొదలుపెట్టాడు! నా చెవులు భగ్గుమన్నాయి. కెమెరా ఆ కలాన్ని వదిలితేనా!

"ఆవు అరుస్తా ఉండాది, పాలు పిండుకొస్తా," అంటూ లేచాను.

"నువ్వా?" అవ్వ నోరు తెరిచింది. "పుట్టినప్పట్నుంచి దాని పక్కకి పోయినదానివి కాదు. యాడమ్మా అరిచింది?"

నిజమే, ఆవు ప్రశాంతంగా నెమరు వేస్తోంది. పొదుగు ముట్టానో లేదో, ఒక్క తన్ను! చెంబు ఒక దిక్కున, వక్త పేడలో. తలెత్తితే ఎదురుగా నాయన. పీఠికా, ఉపసంహారమూ లేకుండా జీవితంలో మొదటిసారి మాట్లాడాను.

"నాయనా, మైసూరు లెటర్లో నీ సంతకం నేనే పెట్టినా."

"తెలుసమ్మా. మీ మేడమ్ మొన్ననే ఆ లెటరు ఫోన్‌కి పంపించినారు. నా సంతకం అంత చక్కంగా నేనే ఎప్పుడూ పెట్టింది లేదు."

"మరి అడగలేదే?"

"నువ్వే చెప్తావేమో చూద్దామని ఉంటి. చెప్తివి కదా, ఇంగ లే. కొత్త లెటరు తే, నేనే పెడతా. పోయిరా."

మైసూరులో నాకు బహుమతి రాలేదు. నాలుగేళ్లయింది. ఇబ్బంది మంచిదని ఊరందరికీ బోధించి, తన వంతు వచ్చేసరికి పశువుల కొట్టంలోకి పరుగెత్తిన ఆ పిల్లను తలచుకుంటే నవ్వొస్తుంది. ఆ వెంటనే, దేన్నైనా అంత గట్టిగా నమ్మి ఎన్నాళ్లయిందోనని చిన్న బెంగ కూడా.