పత్తి మిల్లు గేటు దగ్గర పిలుపు

తిరుపతి కొడకండ్ల దారిలోని పత్తి మిల్లులో బండ్లను తూచే కాంట దగ్గర పని చేస్తాడు. పత్తి కాలంలో ట్రాక్టర్లు రోడ్డు మీదా, చేలల్లో దొరికిన చోటా ఆగి ఉంటాయి. వంతు నంబరును బట్టి వస్తుంది. నంబర్లు అరిచే మనిషి మానేశాక మిల్లు యజమాని సేటు ఆ పని కూడా తిరుపతికే అంటగట్టాడు. అరవడం ఇష్టంలేక తిరుపతి సీ భాషలో ఒక ప్రోగ్రాం రాశాడు. సీ భాషే ఎందుకంటే కాలేజీలో చెప్పింది అదొక్కటే, అదీ సగం. మిగతా సగం ఫోన్లో చదువుకున్నాడు.

కాంట ఖాళీ కాగానే ఆ ప్రోగ్రాం తర్వాతి నంబరునూ పేరునూ ఇంకో ప్రోగ్రాంకు అందిస్తుంది. ఆ రెండోది అక్షరాలను మాటలుగా గేటు మీది స్పీకర్లో పలుకుతుంది. అది కంప్యూటర్లో లేకపోతే నంబరు గేటు దగ్గరి తెర మీద మాత్రమే పడుతుంది. అందుకే పిలిచే ముందు అది ఉందో లేదో చూసుకోవాలి.

మా వైపు ఎవరింటికి పోయినా వాకిట్లో నిలబడి పిలుస్తాం. పలికితే ఉన్నట్టు. తిరుపతి కూడా అదే చేశాడు. పలికే ప్రోగ్రాంకు "ఉన్నవా?" అన్న మాట ఇచ్చి నడిపించాడు. సరిగ్గా నడిస్తే ఉన్నట్టు. దాంతో ప్రతి నంబరుకు ముందూ స్పీకరు "ఉన్నవా?" అని అడిగేది. ట్రాక్టర్ల మీంచి జవాబులు వచ్చేవి.

"ఉన్నం! యాడికి పోతం?"

"పొద్దటిసంది ఈడనే ఎండుతున్నం, గుడ్డిదానివా?"

సేటు కొడుకు మిథున్ హైదరాబాదులో చదివొచ్చాడు. వ్యాపారుల ముందు అతనికి ఇది నామోషీ అనిపించింది.

"ఏంది తిరుపతీ గిది? గేటు ముచ్చట్లు వెడ్తున్నది! రేపటికల్లా బంద్ గావాలె. లేకుంటే నేను వేరే సాఫ్ట్‌వేర్ తెస్త, నువ్వు ఇంటికి పో."

"బంద్ అయితది సార్."

బంద్ అయింది. ఒక ప్రోగ్రాం ఉందో లేదో తెలుసుకోవడానికి దాన్ని నడపక్కర్లేదు. ప్రోగ్రాంలుండే ఫోల్డర్ల వరుస ఒకటి కంప్యూటర్ దగ్గర ఉంటుంది. ఆ వరుసలో ఒక్కో ఫోల్డరూ వెతికి, ఆ పేరుతో నడిపించదగ్గ ఫైలు ఉందేమో చూస్తే చాలు. సరైన పద్ధతి అదే. పరీక్షిస్తే ఉందని వచ్చింది. పనిలో పనిగా, కరెంటు పోయి వస్తే ఎవరూ ముట్టుకోకుండా ప్రోగ్రాం మొదలయ్యేట్టు కూడా పెట్టాడు. మిథున్ ఫోన్లోంచి తల ఎత్తకుండానే మెచ్చుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం మబ్బు పట్టింది. తిరుపతి కాకా అని పిలిచే, చిన్నాన్న వరుసయ్యే లక్ష్మా తండా నుంచి పత్తి తెచ్చి, ఎలాగూ పిలుస్తారని ట్రాక్టరు కింద పడుకున్నాడు. పత్తి మీద కప్పిన పరదా చినిగి ఉంది. తడిసిన పత్తిని మిల్లు తీసుకోదు.

కరెంటు పోయి వచ్చింది. తిరుపతి కూర్చుని నడిపినప్పుడు కంప్యూటర్ చూసే ఫోల్డర్ల వరుస వేరు, ప్రోగ్రాం తనంతట తానే మొదలైనప్పుడు చూసే వరుస వేరు. రెండోది పొట్టిది. పలికే ప్రోగ్రాంను అతను తెచ్చి పెట్టిన ఫోల్డరు అందులో లేదు. తిరుపతి ప్రోగ్రాం శ్రద్ధగా వెతికి, లేదని తేల్చుకుని, నంబర్లు తెర మీద వేస్తూ పోయింది. తెర దగ్గరున్న వాళ్లు చూసుకుని వచ్చారు.

కాంట మీదికి ట్రాక్టరు ఎక్కిస్తూ పెంటయ్య అనే రైతు అన్నాడు. "మీ పిలిసేదాని నోరు పడిపోయిందా? తెర సూస్కుంట వచ్చిన."

అప్పుడు తిరుపతి తెర చూశాడు. లక్ష్మా నంబరు దాటిపోయి పెంటయ్యది పడింది. బయటికి ఉరికాడు.

"కాకా, లే! నీ నంబరు పోయింది!"

"పిల్వకనే ఎట్ల పోతదిరా?"

తిరుపతి మళ్లీ లోపలికి, పెంటయ్య దగ్గరికి ఉరికాడు. "బాపూ, జర ఎన్కకు తియ్యవా? కాక పరదా చినిగింది."

"నా పత్తికేమన్న గొడుగు వట్టినవా?" అని పెంటయ్య ఇంజను ఆపేశాడు.

మిథున్ని అడిగితే, వంతు తప్పినవాళ్లు చివరికి పోవాలన్నాడు. వాన మాత్రం ఎవరి వంతూ చూడలేదు.

తిరుపతి ఉద్యోగం పోలేదు. ఆ సాయంత్రమే ఫోల్డరును వరుసలో చేర్చి, ఇప్పుడు సరిగ్గా ఉందని చూపించబోయాడు. మిథున్ చూడలేదు, ఒక మైకు తెచ్చి ఇచ్చాడు. ఇప్పుడు తెర మీద పడే నంబర్లను తిరుపతే అరుస్తున్నాడు.

లక్ష్మా, అతని భార్య రాధాబాయి తడిసిన పత్తిని తండాలో ఆరబెట్టారు. ఎండింది కానీ తడికి పట్టిన పసుపు రంగు పోలేదు. చుట్టుపక్కల ఇంకో మిల్లు లేదు గనక మళ్లీ ఇక్కడికే తెచ్చారు. తిరుపతి మైకులో కాక పేరు గట్టిగా, రెండుసార్లు పిలిచాడు. అవసరం లేకపోయింది. లక్ష్మా పొద్దుటి నుంచీ ట్రాక్టరు మీదే కూర్చుని, రెప్ప వాల్చకుండా తెర వైపే చూస్తున్నాడు.