కరపత్రం వెనకవైపు

మొన్న మా అమ్మాయి యూనివర్సిటీ అప్లికేషన్ కోసం తన గురించి తాను రాసుకున్న పేజీ నా ముందు పెట్టి, "మమ్, ఈజ్ ఇట్ టూ మచ్?" అంది. సైన్స్ క్లబ్ నడిపిందట, డిబేట్లలో గెలిచిందట, ఎక్కడా మొహమాటం లేదు. నాకు నవ్వాగలేదు. ఒకప్పుడు నేను రాసిన పేజీ గుర్తొచ్చింది మరి.

అప్పటికి మేం ఇంగ్లండులోని నార్తాంప్టన్ వచ్చి నాలుగేళ్లు. ఒంగోల్లో చదివిన నా బీఎస్సీ ఇక్కడ చెల్లదన్నారు. నాకేమో ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేయాలని పట్టుదల. పిల్లను బడిలో దింపి వెళ్లేలా టౌన్ కాలేజీలో రెండేళ్ల కోర్సులో చేరాను. అదయ్యాక యూనివర్సిటీకి మారి మిగతా చదువు పూర్తిచేస్తే డిగ్రీ వస్తుంది. క్లాసులో నా పక్కన జమైకాలో పుట్టినావిడ కూర్చునేది. నాకన్నా పదేళ్లు పెద్ద కనుక మనసులో అక్కా అనే పిలుచుకునేదాన్ని. మార్కుల్లో మేమిద్దరమే ముందు.

రెండో ఏడాది చివర్లో కాలేజీ సలహాదారు మేడమ్ ఒక్కొక్కరినీ పిలిచింది. నా చేతిలో ముసలివాళ్లను చూసుకునే కేర్ హోమ్ ఉద్యోగాల కరపత్రం పెట్టి, మీలాంటివాళ్లకు ఈ సర్టిఫికెట్ చాలు, వెంటనే పని దొరుకుతుంది అంది. ఎంత ఆప్యాయంగా అందంటే, నేను థాంక్యూ కూడా చెప్పి వచ్చాను! బయట చూస్తే అక్క చేతిలోనూ అదే కరపత్రం. మాకన్నా తక్కువ మార్కులొచ్చిన తెల్లమ్మాయిల చేతుల్లో మాత్రం యూనివర్సిటీ ఫారాలు.

"ఒంటి రంగు చూసి పంచుతున్నారా కాగితాలు? పద," అంటూ అక్క నన్ను మళ్లీ లోపలికి లాక్కెళ్లింది. మా మార్కుల షీట్లు బల్లమీద పరిచి, రెండు ఫారాలిచ్చేదాకా కదలనని కుర్చీలో కూర్చుంది. మేడమ్ మొహం ఎర్రబడింది, ఫారాలొచ్చాయి. గడువు శుక్రవారం.

నేను ఇంటికెళ్లి, ఫారంలో మన గురించి మనం రాసుకోవాల్సిన పేజీ ఎంతో ఒద్దికగా రాశాను. మా నాన్నగారు హెడ్మాస్టరు, మావారు సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, అత్తగారిది పరువైన కుటుంబం. పెళ్లివారికి పంపే బయోడేటా అన్నమాట! మన గొప్ప మనం చెప్పుకోకూడదనే కదా మమ్మల్ని పెంచింది. మర్నాడు క్యాంటీన్‌లో అక్క అది చదివి కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

"సీటు మీ ఆయనకా? నువ్వేం చేశావు?"

"నేనేం చేయలేదు," అన్నాను.

అక్క నవ్వు ఆపేసింది. కేర్ హోమ్ కరపత్రం తిరగేసి, ఖాళీగా ఉన్న వెనకవైపు తనే రాయడం మొదలుపెట్టింది. "ల్యాబ్‌లో మూలనపడ్డ మైక్రోస్కోపు బాగుచేసిందెవరు? నాకు రక్తకణాలు లెక్కపెట్టడం నేర్పిందెవరు?" అని అడుగుతూ, రాస్తూ, అంచుల దాకా నింపేసింది. ఆ రాత్రే అదంతా ఫారంలోకి ఎక్కించి, గడువులోపు ఇచ్చేశాను.

కొన్ని వారాలకు డబుల్ డెక్కర్ బస్సులో ఉండగా ఈమెయిల్ వచ్చింది. సీటు! "వచ్చిందీ!" అని పై అంతస్తంతా వినబడేలా తెలుగులోనే అరిచాను. వెనకసీటు పెద్దాయన ఏమీ అర్థంకాకపోయినా "వెల్ డన్, లవ్" అన్నాడు, మనం అమ్మా అన్నట్టు. అక్కకు ఫోన్ చేస్తే అటునుంచి అంతకన్నా పెద్ద అరుపు, తనకూ వచ్చిందని. మావారు ఫారం కాపీ చూసి, "ఇందులో నా పేరే లేదేందే?" అని కాసేపు అలిగి, వెంటనే ఊరంతటికీ ఫోన్లు చేశారు.

మా అమ్మాయి ఇంకా జవాబు కోసం చూస్తోంది. "ఎక్కువేం కాదమ్మా, ఇంకో రెండు వాక్యాలు కలుపు," అన్నాను. నా గురించి నేను చెప్పుకోవడానికి నాకు ముప్పై ఆరేళ్లూ, ఒక అక్కా కావలసివచ్చాయి. మా అమ్మాయికి పదిహేడేళ్లు సరిపోయాయి.