బిందెలో ఉంగరం, బయట ఉద్యోగం

ఆ రోజులంటే మరీ పాతవేమీ కావు. నగరం శివార్లలో, మన్నెగూడ చౌరస్తాలో ప్లాట్ల బోర్డులకన్నా చెట్లే కాస్త ఎక్కువగా ఉన్న రోజులు. అయినా ఇప్పుడు తలుచుకుంటుంటే ఎవరిదో కల నేను అరువు తెచ్చుకుని చూస్తున్నట్టుంటుంది. అప్పట్లో నాకు సమానత్వమంటే పిచ్చి. తమ్ముడికి రెండు గారెలు వేస్తే నాకూ రెండు పడాలని విస్తరి ముందు ధర్నా చేసిన చరిత్ర నాది. (రెండోది తినలేక వాడికే ఇచ్చేసేదాన్ని, అది వేరే సంగతి.) ప్లాట్లు అమ్మే ఒక ఆఫీసులో లెక్కలు చూసేదాన్ని. స్కూటీ మీద సాగర్ రోడ్డులో పోతూ ఉంటే, ఎదురుగాలి నా ఒక్కదాని కోసమే వీస్తున్నట్టు ఉండేది.

మా వాళ్ళది గోదావరి వైపు. నాన్న కర్రీ పాయింట్ పెట్టుకుని ఇక్కడ స్థిరపడ్డారు. నాకు కుదిరిన సంబంధమేమో ఇబ్రహీంపట్నం పిల్లవాడు. ఇంకేముంది, రెండు వైపులా హితబోధలు మొదలయ్యాయి. "వాళ్ళ మాట కరుకమ్మా, పలకరించినా తిట్టినట్టే ఉంటుంది" అని మా పిన్ని నాకు చెప్పింది. "ఆంధ్రోల్లు పప్పుల సుత చక్కెర ఏస్తరంట. మాటలల్ల ఇంకెంత ఏస్తరో. పిల్ల నిన్ను కొంగుకు కట్టేసుకుంటది, జర పైలం" అని వాళ్ళ మేనత్త ఆయనకు చెప్పింది. మేమిద్దరం మధ్యాహ్నం భోజనాల వేళ ఫోనులో ఈ బోధలు ఒకరికొకరం అప్పజెప్పుకుని నవ్వుకునేవాళ్ళం. నవ్వు అయ్యాక నేను నా షరతులు చదివేదాన్ని. ఇద్దరం ఒకరినొకరం "నువ్వు" అనే పిలుచుకోవాలి. వంట ఇద్దరిదీ. ఆయన అన్నిటికీ "అవ్, గట్లనే చేద్దాం" అనేవాడు. ఆ "అవ్" లో ఏదో మత్తు ఉండేది, విన్న తర్వాత సాయంత్రం దాకా లెక్కలు తప్పేవి.

ఒక్క నా ఉద్యోగం దగ్గరే బండి ఆగింది. "పెండ్లి అయినంక చూద్దాం" అన్నారు వాళ్ళింట్లో. ఎవరు చూస్తారో, ఏం చూస్తారో చెప్పలేదు. మా వాళ్ళు కూడా "ముందు తాళి పడనీ" అన్నారు. మెడలో తాళి పడింది, తలంబ్రాలు పడ్డాయి, ఆ "చూద్దాం" మాత్రం నా తలమీదే వేలాడుతూ ఉండిపోయింది.

తలంబ్రాలయ్యాక బిందెలో ఉంగరం తీయించే ఆట పెట్టారు. పసుపు నీళ్ళ ఇత్తడి బిందెలో ఉంగరం వేస్తారు, ఇద్దరూ చేతులు పెట్టి వెతకాలి, మూడుసార్లలో ఎవరికి ఎక్కువ దొరికితే సంసారంలో వాళ్ళదే పైచేయి అని నమ్మకం. దీనికి కూడా నా దగ్గర పథకం సిద్ధంగా ఉంది. చెరొకసారి గెలిచి, మూడోసారి ఇద్దరం కలిసి పట్టుకుని పైకి తీయాలి. ఆయన దీనికీ "అవ్" అన్నాడు. అనుకున్నట్టే మొదటిది నాకు దొరికింది, రెండోది ఆయనకు. అప్పుడు వాళ్ళ మేనత్త మండపం మధ్యకు వచ్చి, "ఇగ మూడోది అసలుది. పిల్లకు దొరికితే నౌకరికి పోతది. పిలగానికి దొరికితే ఇంట్ల ఉంటది. పంచాతీ ఒడిసింది" అంది. అందరూ నవ్వారు. నేను కూడా పళ్ళు బయటపెట్టాను. సరదాకే అన్నదని తెలుసు. సరదాకి అన్న మాటలే ఇళ్ళల్లో శాసనాలవుతాయనీ తెలుసు.

చేతులు పెట్టాము. ఉంగరం దొరికింది. ఇద్దరం చెరో వైపు గట్టిగా పట్టుకున్నాం. పైకి లాగాము. రాలేదు. విడివిడిగా లోపలికి పోయిన రెండు చేతులు, ఒకే పిడికిలిగా మారి బయటికి రావాలంటే బిందె మెడ ఒప్పుకోలేదు. (ఫోనులో అంత ప్రణాళిక వేసిన మేము బిందె మెడ సంగతి ఎలా మరిచిపోయామో.) "సబ్బు తెండి" అంది మా పిన్ని. "కొబ్బరినూనె" అన్నారెవరో. "గదేం లొల్లి, ఎవలో ఒకలు ఇడువుండ్రి" అంది మేనత్త. వదిలితే ఓడినట్టే. ఆయన నా వైపు వంగి "ఇడువకు" అన్నాడు మెల్లగా. నేను వదల్లేదు. సన్నాయి, పిల్లల అరుపులు, ఫొటోగ్రాఫరు కేకలు, అన్నీ ఎక్కడో దూరం జరిగిపోయాయి. ఆ గోరువెచ్చని పసుపు నీళ్ళలో ఆయన వేళ్ళు నా వేళ్ళకు చుట్టుకుని ఉన్నాయి. కొంచెం సేపు నాకు ఉద్యోగమూ గుర్తులేదు, సమానత్వమూ గుర్తులేదు. అలాగే ఉండిపోతే బాగుండుననిపించింది.

ఇంతలో ఆయన వేళ్ళు విచ్చుకున్నాయి. బిందె అంచుకు ఒరుసుకుని ఎర్రగా కందిన నా మణికట్టు చూశాడట, వదిలేశాడు. ఉంగరంతో సహా నా చెయ్యి బయటికి వచ్చింది. మా వాళ్ళు ఈలలు వేశారు. "సరే తీయ్, ఇగ పోనియ్యి నౌకరికి" అంది మేనత్త. మళ్ళీ అందరూ నవ్వారు. అడిగింది దొరికింది కదా, నేను సంతోషించాలి. కానీ నేను చదివిన చదువు, ఎండలో తిరిగిన తిరుగుడు, అన్నీ కలిపి ఒక బిందెలోంచి తీసి నా చేతిలో పెట్టినట్టు అనిపించి అవమానంగా తోచింది. ఉంగరాన్ని తిరిగి నీళ్ళలో పడేశాను. "నా ఉద్యోగం దీంట్లోంచి రానక్కర్లేదు" అన్నాను. గట్టిగానే అన్నాననుకుంటాను, సన్నాయి కూడా ఆగింది. పెళ్ళికొడుకు తలెత్తి ఫ్యాను రెక్కలు చూస్తున్నాడు. మా అమ్మ ముఖం చూసే ధైర్యం నాకు లేకపోయింది.

అప్పుడు మా అత్తగారు లేచింది. అప్పటిదాకా ఆమె నాతో "మంచిగున్నవా బిడ్డా" తప్ప వేరే మాట అన్నది లేదు. నెమ్మదిగా వచ్చి, గాజులు పైకి జరుపుకుని, బిందెలో చెయ్యి పెట్టి ఉంగరం తీసింది. దానివైపు కాసేపు చూసింది.

"నా లగ్గంల మూడుసార్లు నాకే దొరికింది" అంది. "ఏమాయె? ఇంట్ల కూర ఏం వండాల్నో సుత నన్ను ఎవలూ అడగలే."

ఎవరూ నవ్వలేదు. వెనుక కుర్చీలో మా మామగారు కండువా సర్దుకున్నారు. ఆమె నా చెయ్యి తుడిచి, ఉంగరం తొడిగి, "నౌకరి సంగతి బిందెను అడుగుడేంది. సోమారం నుంచి పో" అని వెళ్ళి తన చోట కూర్చుంది. అంతే, ఆ "చూద్దాం" అలా తేలిపోయింది.

ఈమధ్య ఒక సాయంత్రం అత్తగారూ నేనూ చిక్కుడుకాయలు ఒలుస్తున్నాం. చెరువు వైపు నుంచి చల్లగాలి వస్తోంది. ఇన్నేళ్ళకు నాకు అడగాలనిపించింది. "అత్తమ్మా, మీ పెళ్ళైన కొత్తలో ఎవరైనా మిమ్మల్ని ఏం కావాలని అడిగి ఉంటే ఏం చెప్పేవారు?"

ఆమె ఇంకో నాలుగు కాయలు ఒలిచింది. వినలేదేమో అనుకున్నాను.

"సైకిల్ నేర్సుకోవాలనుండె" అంది చివరికి. "చెరువుకట్ట మీద, ఈ గాలికి, ఒక్కదాన్నే పోవాలని. గిప్పుడెందుకు తీ, గిన్నె ఇటు జరుపు."

గిన్నె జరిపాను. మోచేతి దాకా పసుపు పూసుకుని మండపంలో నిలబడి, ఈ పోరాటం తనతోనే మొదలైందనుకున్న ఆ పెళ్ళికూతురు గుర్తొచ్చి నవ్వు వచ్చింది. కళ్ళు మాత్రం కట్ట వైపే ఉండిపోయాయి. అక్కడ, నాకొక్కదానికే కనిపిస్తూ, చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టుకుని, ఎవరినీ అడగకుండా, సైకిల్ మీద ఒక అమ్మాయి పోతూనే ఉంది.