మూడుసార్లు పిలిస్తేనే

బూర్గంపాడు దగ్గర మా ఇంటర్ కాలేజీ హాస్టల్‌లో ఎవరికీ పేర్లు ఉండేవి కావు, నంబర్లే. హాజరూ నంబరుతోనే, తిట్లూ నంబరుతోనే. వెనక గోడ దాటితే జామాయిల్ తోట, ఆ పైన అడవి. గాలి లేనప్పుడు కూడా ఆ తోట చప్పుడు చేసేది.

నా పక్క మంచం అమ్మాయిది ములకలపల్లి వైపు అడవి ఊరు. దసరా సెలవుల తర్వాత తిండి తగ్గించింది, నిద్ర మానేసింది. ఒక మధ్యాహ్నం బట్టలు ఆరేస్తూ ఆగి, "తోటల నుంచి ఎవరో నన్ను పేరు పెట్టి పిలుస్తున్నరు" అంది. చూస్తే ఎవరూ లేరు. వాళ్ల ఊళ్లో ఒక్క పిలుపుకు పలకరట. మనుషులు మూడుసార్లు పిలుస్తారట, మనిషి కానిది ఒక్కసారే పిలుస్తుందట. నవ్వాను గానీ మళ్లీ ఒకసారి తోట వైపు చూశాను.

అప్పట్నుంచి ఒక్కసారి పిలిస్తే ఆమె ఎవరికీ పలకలేదు. హాజరు ఒక్కసారే పిలుస్తారు కదా, లెక్చరర్లు పొగరనుకుని ఎండలో నిలబెట్టారు. గోరుచుట్టు మీద రోకటిపోటు.

ఒక సాయంత్రం ఆమె వెనక గోడ ఎక్కి, "వస్తున్న" అంటూ అవతలికి దూకబోతుంటే కాళ్లు పట్టుకుని కిందికి లాగాను. ఆమె నా చెవిలో మెల్లగా చెప్పింది: "ఈసారి మూడుసార్లు పిలిచిండ్రు."

ప్రిన్సిపాల్ డాక్టరును పిలవలేదు, వాళ్లమ్మను పిలిపించాడు. ఖమ్మంలో పెద్ద దవాఖానాలో చూపించి మళ్లీ తెస్తానని ఆమె బతిమాలింది. "ముందు ఇంటికి తోలుకపో అమ్మా. మిగతా పిల్లలు ఖరాబైతరు" అన్నాడు. ఎవరడిగినా టైఫాయిడ్ అనాలని మాకు చెప్పారు. మంచం తీసేసి, గదంతా ఫినాయిల్‌తో కడిగించారు. అంటురోగమా అది? నాకు ఒళ్లు మండిపోయింది.

గేటు దగ్గర వాళ్లమ్మ కూతుర్ని పేరు పెట్టి మూడుసార్లు పిలిచింది. మూడోసారికి ఆ పిల్ల పలికింది, తోట వైపు తిరిగి.

మర్నాటి నుంచి హాజరులో ఆ నంబరు పిలవడం మానేశారు. హాఫ్ ఇయర్లీ పరీక్షలకూ ఆమె రాలేదు.

చలికాలం పోతుండగా అదే తీగ మీద బట్టలు ఆరేస్తున్నాను. తోటలోంచి నా పేరు వినిపించింది. నంబరు కాదు, ఇంట్లో పిలిచే పేరు. తడి చున్నీ పట్టుకుని రెండో పిలుపు కోసం ఎదురుచూశాను. రాలేదు.

అటుగా వచ్చిన వార్డెన్ అడిగింది, "ఏందే, గట్ల నిలబడ్డవ్? పానం బాలేదా?"

నాకు నిద్ర పట్టక అప్పటికే చాలా రోజులైంది. చెబుదామని నోరు తెరిచాను. ఫినాయిల్ వాసన గుర్తొచ్చింది.

"మంచిగనే ఉన్న మేడమ్" అన్నాను.