భుజం మీద మడమ

మా ముత్తాత పెద్దముడియం పక్కనున్న ఊరికి మునసబు. ఆయన వీధిలో నడిస్తే అరుగుల మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవారు. మా తాత జమ్మలమడుగులో సమితి ప్రెసిడెంటు. కలెక్టరు వచ్చినా కుర్చీలోంచి సగమే లేచేవాడట. మా నాన్న ఏ పదవీ చేయలేదు. పులివెందుల వైపు చీనీ బత్తాయి తోట పెడతానని నీళ్ళ కోసం బోర్లు వేయించాడు. ఒక్కో బోరు ఒక్కో చేనును మింగింది. నీళ్ళు పడలేదు గానీ దుమ్ము బాగా లేచింది. చుట్టుపక్కల ఎవరి బోరులోనూ అంత దుమ్ము లేవలేదని ఆయన చాలాకాలం చెప్పుకున్నాడు.

ఆ వంశంలో పుట్టిన నేను జిమ్ములో పని చేస్తున్నాను.

ప్రొద్దుటూరులో ఒక బట్టల అంగడి పైన ఉంది ఆ జిమ్ము. నా హోదా ఫ్లోర్ అసిస్టెంట్. అంటే షావుకార్ల పిల్లలు ఎత్తి ఎక్కడపడితే అక్కడ వదిలేసిన ఇనుప బిళ్ళలను తిరిగి వాటి చోట పెట్టడం, బెంచీల మీద వాళ్ళ చెమట తుడవడం. మా ఇంటి వాళ్ళు తరతరాలుగా ఇతరుల చెమటకు దగ్గరగానే బతికారు కాబట్టి ఇది కూడా వంశపారంపర్యమే అనుకుని సరిపెట్టుకున్నాను.

ఉగాదికి పై అంతస్తు కూడా తెరుస్తున్నామని, దానికి ట్రైనర్ కావాలని ఓనరు ఒకరోజు పిలిచి చెప్పాడు. నాకంటే పదేళ్ళు చిన్నవాడు.

"నీకంటే బాగా చెప్పేటోడు ఈడ లేడప్పా. కానీ వచ్చేటోళ్ళు మనిషిని చూడరు. గోడ మీద సర్టిఫికెట్టు చూస్తాండారు."

"మా ఇంటి పేరు అందరికీ తెలుసు కదా" అన్నాను.

"ఇంటి పేరును ఫ్రేము కట్టించి పెడతామా ఏంది? ఉగాదిలోపల పరీక్ష పాసయి రా. కాలేదనుకో, బెంగుళూరు నుంచి ఒకడు వస్తానంటాండాడు. వాడు వస్తే బిళ్ళలు సర్దేదానికి కూడా వాడి మనిషినే పెట్టుకుంటాడు."

అంటే పాసైతే పై అంతస్తు, తప్పితే వీధి. ఇంత స్పష్టంగా మా తాత కూడా తీర్పు చెప్పి ఉండడు.

పరీక్ష పుస్తకం ఇంగ్లీషులో, ఇటుకంత మందాన ఉంది. మా ఊరి నుంచి జమ్మలమడుగు మీదుగా ప్రొద్దుటూరుకు వచ్చిపోయే బస్సులో చదివేవాణ్ణి. శరీరంలోని ప్రతి కండకూ పుట్టినచోటు ఒకటి, పోయి అతుక్కున్న చోటు ఒకటి ఉంటాయని, రెండూ కంఠస్థం చేయాలని అందులో రాసి ఉంది. మొదటిది నాకు కష్టం కాలేదు. ఎవరు ఎక్కడ పుట్టారో గుర్తుపెట్టుకోవడం తప్ప మా ఇంట్లో వేరే చదువు లేదు. వెన్ను నిటారుగా ఉంచడం గురించి పెద్ద అధ్యాయమే ఉంది. దాన్ని చదవకుండా తిప్పేశాను.

ఇంట్లో నా విద్యకు బలైంది మా మేనత్త. నాన్నకు అక్క. పెనిమిటి పోయాక పుట్టింటికి వచ్చి, ఇప్పుడు ఆ ఇంట్లో మిగిలిన ఇద్దరిలో ఒకరు. కసరత్తు మొదలుపెట్టే ముందు క్లయింటును అడగాల్సిన ప్రశ్నలు ఆమె మీద ప్రయోగించాను.

"అత్తా, మన ఇంట్లో ఎవరికన్నా గుండె జబ్బు ఉందా?"

"మీ నాయన బోరు బండి పిలిపించినప్పుడంతా నాకు వస్తాండె. ఆ బండి పోతానే తగ్గిపోతాండె."

"మత్తు అలవాట్లు?"

"మీ తాతకు ఉండె. పొగడ్త."

కంప్యూటరు మీద రాసే పరీక్ష పాసయ్యాను. చేసి చూపించే పరీక్ష పులివెందులలో, బస్టాండు దగ్గరి ఒక జిమ్ములో పెట్టారు. పరీక్ష పెట్టేందుకు కోస్తా నుంచి ఒక మేడమ్ వచ్చింది. నాకు క్లయింటుగా ఒక కుర్రవాణ్ణి ఇచ్చారు, చీనీ తోటల రైతు కొడుకు. తొడ వెనుక కండను సాగదీయించి చూపాలి. క్లయింటు వెల్లకిలా పడుకోవాలి. ట్రైనరు అతని పక్కన మోకాలు నేలకు ఆనించి, అతని కాలెత్తి, మడమను తన భుజం మీద పెట్టుకుని మెల్లగా ముందుకు తోయాలి. బొమ్మతో సహా పుస్తకంలో ఉంది. ఆ బొమ్మలో మోకాలు వేసినవాడి తాత ఏం చేసేవాడో మాత్రం లేదు.

పళ్ళు బిగించి మోకాలు వేశాను. అతని మడమ పట్టుకుని భుజానికి చేర్చానో లేదో, కుర్రవాడు నిప్పు తగిలినట్టు లేచి కూర్చున్నాడు.

"వద్దప్పా, పాపం తగుల్తుంది. పెద్దోళ్ళు, నా కాలు పట్టుకుంటారా? మీరు ఆ మునసబు ఇంటోళ్ళంట కదా. మా అబ్బ మీ ఇంటి గురించి శానా చెప్తాంటాడు."

అంటూనే నా పాదాలకు మొక్కి చేతులు కళ్ళకు అద్దుకున్నాడు.

అప్పుడు నేను చేయవలసింది అతన్ని తిరిగి పడుకోబెట్టడం. ఏళ్ళ తరబడి బిళ్ళలు సర్దిన చేయి, ఎవరూ చెప్పకుండానే పోయి అతని తల మీద ఆనింది. "చల్లగా ఉండు" అన్నాను. మీ అబ్బ ఆరోగ్యం ఎట్లా ఉంది అని కూడా అడిగాను. ఆ తాతకు మోకాళ్ళ నొప్పులట. నొప్పుల గురించి కాసేపు మాట్లాడుకున్నాం. చాలా మర్యాదగా జరిగింది అంతా.

"సమయం అయిపోయిందండీ" అంది మేడమ్. ఆమె గొంతు పెంచలేదు. "ఇది పరీక్షండీ. మీరు క్లయింటుని దీవించారు కానీ, కాలు కదపలేదు."

తప్పాను.

"ఇంకొకసారి పెడతారంట, ఉగాదికి ముందే" అని ఓనరుకు చెప్పాను. "ఈసారి ఎవర్నీ దీవించాకు" అన్నాడు. కథ నాకంటే ముందే ప్రొద్దుటూరు చేరింది.

జిమ్ములో అందరి ముందు మోకాలు వేసి నేర్చుకోవడం నావల్ల కాలేదు. ఇంట్లో నేర్చుకుందామంటే చాప పరిచే చోటు లేదు. నడిమింటినంతా టేకు భోషాణం ఆక్రమించింది. ఒకప్పుడు అందులో పట్టుపంచెలు, వెండి చెంబులు ఉండేవట. ఇప్పుడు దానికి మూత తప్ప వేరే ఆస్తి లేదు. దాని చుట్టూ తిరిగి వంటింట్లోకి పోవడం మాకు అలవాటైపోయింది.

"దాన్ని వసారాలోకి తోయించు" అంది అత్త.

"ముత్తాత కాలం నుంచి అది కదలలేదత్తా."

"ఆయన పోయినాడు కదా. ఇంక ఎవురు అడుగుతారు?"

ఆరుగురు మనుషులు పట్టి దాన్ని బయటపెట్టారు. దాని కింది నేల మాత్రం నల్లగా, నున్నగా, కొత్త ఇంటి గచ్చులా ఉంది. అక్కడ చాప వేసి అత్తను పడుకోబెట్టాను. మోకాలు వేసి ఆమె మడమ భుజం మీద పెట్టుకున్నాను. తేలికగా ఉంది. పగుళ్ళు గరుకుగా తగిలాయి.



"ఈ ఇంట్లో మొగోడు ఆడదాని కాలు పట్టుకునింది ఇదే మొదలు" అంది అత్త, వాసాల వైపు చూస్తూ. "ఇంకొంచెం తొయ్. హాయిగా ఉండాది."

రోజూ తోశాను. ఆమె తన కాళ్ళ నొప్పి తగ్గిందని చెప్పి పక్కింటి వాళ్ళను కూడా పిలవబోతే ఆపవలసి వచ్చింది.

రెండోసారి పరీక్షలో నాకు దొరికిన క్లయింటు నగల అంగడి యజమాని. మా ఇంటి పేరు ఆయనకు తెలియదు. తెలిసినా తేడా ఉండేది కాదు. మడమను తానే నా భుజం మీద పెట్టి, ఫోన్ తీసి బంగారం ధర చూసుకుంటూ పడుకున్నాడు. ఎవరూ మొక్కలేదు, ఎవరూ పాపం అనలేదు. అరుగు మీదివాళ్ళెవరూ లేచి నిలబడలేదు. కండ చక్కగా సాగింది. మేడమ్ తలాడించి సంతకం పెట్టింది.

ఉగాది రోజు పై అంతస్తు గోడకు నా సర్టిఫికెట్టు తగిలించారు. బెంగుళూరు మనిషి రాలేదు. అప్పటినుంచి పొద్దునా సాయంత్రమూ మోకాళ్ళ మీదే ఉంటున్నాను. ఓనరు నన్ను సార్ అంటున్నాడు.

భోషాణం ఎండకు వసారాలోనే ఉండిపోయింది. లోపలికి తెప్పిద్దామని అత్త అనలేదు, నేనూ అనలేదు. ఎండాకాలం ముగిసేలోపు దాన్ని ప్రొద్దుటూరులో పాత కర్రసామాను కొనే ఆయనకు అమ్మేశాం.