వదిన నెత్తిన వేసిన మధ్యాహ్నం

నా నవల సినిమా అయింది. హనుమకొండలో మొదటి రోజు మ్యాట్నీకి అన్ననూ వదిననూ వెంటబెట్టుకుని వెళ్లాను. ఆ సినిమా చూపించకూడని మనుషులు లోకంలో ఇద్దరే ఉన్నారు. ఆ ఇద్దరినీ నేనే పిలుచుకుపోయాను. తెర మీద నా పేరు వాళ్లు చూడాలన్న కుతి అలాంటిది. నవల ఇద్దరూ చదవలేదు.

నవల మా అమ్మ చావు గురించి. పక్షవాతం వచ్చి మంచాన పడి, ఏడాది పాటు తీసుకుని తీసుకుని పోయింది అమ్మ. నవలలో ఒక మధ్యాహ్నం ముసలామె నీళ్లడుగుతుంది. తాగితే పక్క తడుపుతుందని కోడలు ఇవ్వదు. గ్లాసును చేతికందనంత దూరం జరిపి, "సావవు, నన్ను సావనియ్యవు" అని పక్కగదిలోకి పోయి పడుకుంటుంది. దర్శకుడు ఆ ఒక్క ఘట్టాన్ని పది నిమిషాలు తీశాడు. సంగీతం లేదు. ఫ్యాను చప్పుడు, మంచం పట్టె మీద గోళ్లు గీరుతున్న చప్పుడు, అంతే. హాలంతా ముక్కులు ఎగబీల్చింది. నా వెనక సీట్లో ఒకామె ఆపుకోలేక, "దీని చేతులిరిగిపోను! ఇసొంటి కోడలు పగోళ్లకు గూడ వద్దు దేవుడా" అని అరిచింది.

అబ్బ, ఎంత గొప్పగా తీశాడనుకున్నాను. నాకూ ఏడుపొచ్చింది, సిగ్గులేని ఏడుపు. అసలు ఆ గ్లాసు జరిపింది కోడలు కాదు, కూతుర్ని నేనే. ఆ సంగతి హాల్లో నాకూ వదినకూ తప్ప ఎవరికీ తెలియదు.

అవి వేసవి సెలవులు. కాలేజీ లేదు కదా, అమ్మను నేను చూసుకుంటానని గొప్పగా వచ్చాను. వారం తిరిగేసరికి నా గొప్ప దిగిపోయింది. ఆ రోజు పొద్దుటి నుంచి మూడుసార్లు దుప్పట్లు మార్చాను. అమ్మ మళ్లీ "నీళ్లు బిడ్డా" అంది. ఒళ్లు మండింది. గ్లాసు జరిపాను, ఆ మాట అన్నాను, పోయి పడుకున్నాను. పెరట్లో బట్టలు ఉతుకుతున్న వదిన కిటికీలోంచి అంతా చూసింది. చేతులు తుడుచుకుంటూ వచ్చి చెంచాతో నీళ్లు పోసింది. అప్పటికే అమ్మ మింగలేకపోతోంది. పొద్దుగూకేలోపు పోయింది. సుబేదారిలోని తన ఆఫీసు నుంచి అన్న వచ్చేసరికి ఇంటి ముందు జనం ఉన్నారు.

మూడోరోజు పిట్టకు పెట్టాం. అమ్మకు ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టి, కాకి ముట్టాలని దూరంగా నిలబడ్డాం. కాకి గోడ మీద కూర్చుంది గానీ దిగలేదు. ఎండ మాడ్చేస్తోంది. "ముసల్ది ఏందో మనసుల పెట్టుకుంది. ఎవలన్న తప్పు జేసుంటె ఒప్పుకోన్రి" అంది మేనత్త. నేను నేల చూపులు చూశాను. అప్పుడు వదిన ముందుకు పోయి చేతులు జోడించి, "తప్పయింది అత్తమ్మా, మన్నించు" అంది. కాసేపటికి కాకి వాలింది. అందరూ స్నానాలకు కదిలారు.

నవల రాసేటప్పుడు ఆ దండం కోడలికే ఉంచాను, గ్లాసు కూడా ఆమె చేతికే ఇచ్చాను. కూతురు అంత పని చేసిందంటే చదివేవాళ్లు ఒప్పుకోరు. కోడలంటే ఎవరూ సాక్ష్యం అడగరు. "ఇది నిజంగా జరిగిందా మేడమ్" అని దర్శకుడు అడిగితే "ప్రతి మాటా" అన్నాను.

సినిమా అయ్యాక ఆటో ఎక్కాం. వదినే, "మంచిగనే తీసిండు. గని నా యేషం కట్టినామె మరీ తెల్లగుంది" అని నవ్వబోయింది. అన్న ఆమె వైపు తిరిగి, "ఆనాడు పిట్ట కాడ ఎందుకు మొక్కినవో నాకిప్పుడు తెలిసింది" అన్నాడు. వదిన నన్ను చూసింది. నేను ఫోన్ చూసుకున్నాను.

ఆ పూట నుంచి అన్న ఆమె చేతి అన్నం ముట్టలేదు. మెస్ నుంచి పార్సిల్ తెచ్చుకుని ముందుగదిలో తినేవాడు. ముప్పయ్యేళ్ల కాపురం! వదిన నాకు ఫోన్ చేసింది. "నువ్వు రాసుకున్నవ్, పేరొచ్చింది, సంతోషం. లోకమేమన్న అనుకోని, నాకు ఫికర్ లేదు. ఆయనకొక్కనికి చెప్పు. నేను జెప్తె నమ్ముతలేడు." వస్తాను వదినా అన్నాను. రెండు నెలలు అటు వైపు పోలేదు. సభలున్నాయి మరి. శాలువాలు కప్పించుకుంటూ, అమ్మ ప్రేమ గురించి మైకుల్లో మాట్లాడుతూ తిరిగాను. ఛీ, తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం.

చివరికి ఒక ఆదివారం పోయాను. అన్న అన్నం పొట్లం విప్పుకుంటున్నాడు. వదిన వంటింటి గుమ్మంలో నిలబడింది, సగమైపోయింది మనిషి. నేను కూర్చోకుండానే చెప్పేశాను. "అన్నా, అమ్మకు నీళ్లియ్యంది వదిన కాదు. గ్లాసు నేనే జరిపిన. సావవని నేనే అన్న."

అన్న పొట్లం పక్కన పెట్టాడు. కళ్లనిండా నీళ్లు. లేచొచ్చి నా తల మీద చెయ్యి పెట్టాడు. "నీ మనసు నాకు తెల్వదా చెల్లె! దీని కాపురం నిలవెట్టాలని నీ మీదేసుకుంటున్నవ్. కన్నబిడ్డ గట్ల జేస్తదా?" వంటింటి వైపు తిరిగి, "సూడు, సూసి నేర్చుకో. నా చెల్లె కాళ్లు కడిగి ఆ నీళ్లు నెత్తిన సల్లుకో" అన్నాడు.

"కాదన్నా, నిజంగనే నేనే" అని ఇంకొక్కసారి అనాలి. వదిన ఆ ఒక్క మాట కోసమే నా నోటి వైపు చూస్తోంది. నాకు మాత్రం, దాచడమెందుకు, ప్రాణం లేచొచ్చింది. చెప్పాల్సింది చెప్పాను కదా, నమ్మకపోతే నేనేం చేయను అనుకున్నాను. కళ్లొత్తుకుని, అన్న చేతిని తల మీద అలాగే ఉండనిచ్చాను.